ఎర్రబస్సు, పిండిబొమ్మ

ఆ వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనే పిలుస్తారు. కట్టుకున్న భర్త కూడా నలుగురిలో ఉన్నప్పుడు "మా డ్రైవరమ్మ" అనే అంటాడు. సిటీ బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో మనిషికి గానీ, సైకిలుకు గానీ, అడ్డం వచ్చిన కుక్కకు గానీ ఆమె బస్సు తగిలింది లేదు. ఆ సంగతి డిపోలో ఎవరైనా చెబుతారు, ఆమె మాత్రం చెప్పుకోదు. అది వినయం కాదు, భయం. చెప్పుకున్న మర్నాడే ఎక్కడ తగులుతుందోనని.

క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు రెండు నెలలపాటు స్టీరింగు ముట్టుకోవద్దని ఖండితంగా చెప్పింది. మొదటి వారం నొప్పితోనే గడిచిపోయింది. రెండో వారం నుంచి అసలు బాధ పట్టుకుంది, ఏమీ తోచకపోవడం. మామూలు మనిషైతే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఆమెకు ఆ వీలూ లేదు. హాల్లో సోఫా మీద మోకాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని, కిటికీలోంచి రోడ్డు మీద వచ్చే పోయే బస్సులను చూస్తూ కూర్చునేది. ఏ బస్సయినా నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, అందులో ప్రయాణికులకన్నా ఈమెకే ఎక్కువ కంగారు.

భర్త తాళాలు బాగుచేసే మనిషి. పొద్దున్నే కొట్టు తెరవడానికి వెళితే మళ్ళీ ఆరింటికే ఇల్లు చేరేది. ఇంట్లో మూడో మనిషి మేనకోడలు, తమ్ముడి కూతురు. పళ్ళ ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి ఇక్కడికి రెండు వీధుల అవతలే కాబట్టి మూడేళ్ళుగా అత్త దగ్గరే ఉంటోంది. పొద్దుటి డ్యూటీ ముగించుకుని మూడింటికి వచ్చి, ముఖం కడుక్కుని, టీ కప్పు పక్కన పెట్టుకుని టీవీ ముందు ఒక గంట వీడియో గేములో ఫుట్‌బాల్ ఆడేది. రోజంతా నోళ్ళు తెరిచిన మనుషులను చూసి చూసి వచ్చాక ఆ గంట లేకపోతే తనకు పిచ్చెక్కుతుందని చెప్పేది. ఆ వేళకు డ్రైవరమ్మ బస్సు మీద ఉండేది, సెలవురోజైతే లోపలి గదిలో నిద్రపోయేది కాబట్టి, తన ఇంట్లో రోజూ ఇంత హడావుడి జరుగుతోందని ఆమెకు తెలియనే తెలియదు.

మొదటిరోజు చూసినప్పుడు ఏమీ అర్థం కాలేదు. మైదానమా, పెద్ద గదా తెలియని చోట నాలుగు పక్కలా గోడలు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. బంతి గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది తప్ప బయటికి పోదు. ఈల ఊదే మనిషి లేడు. గోలు దగ్గర కాపలా ఉండడానికి ప్రత్యేకంగా ఎవరూ లేరు, ఎవరు వెనక్కి పరిగెత్తగలిగితే వాళ్ళే కాపలా. అయిదు నిమిషాల్లో ఆట సరి. ఆ ఆరుగురూ ఆరు చోట్ల కూర్చుని ఆడుతున్న నిజం మనుషులని మేనకోడలు చెబితే డ్రైవరమ్మకు నమ్మకం కలగలేదు.

"ఈ నీలం చొక్కా వాడు కూడానా?"

"వాడూ మనిషే అత్తా. ఎక్కడో సోఫాలో కూర్చుని ఉంటాడు, నీలాగే."

అది మొదలు ప్రశ్నలు. కింద మూలన ఉన్న చిన్న పటం ఏమిటి? ఆ పచ్చగీత ఎందుకు తగ్గుతోంది? బంతి అటుంటే నువ్వు ఇటెందుకు పోతున్నావు? మూడు రోజులు ఓపిగ్గా జవాబులు చెప్పింది మేనకోడలు. నాలుగోరోజు ఆమె అడిగిన ప్రశ్నకు తల తిప్పి జవాబు చెప్పేలోగా రెండు గోలులు పడ్డాయి. ఇక లాభం లేదని రిమోట్ లాంటి ఆ ఆటపిడిని తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

"నువ్వే ఆడి చూసుకో. నన్ను మాత్రం వదిలెయ్."

ఆడాలంటే ముందు ఒక పేరు పెట్టుకోవాలి. సొంత పేరు ఎవరూ పెట్టుకోరట. మేనకోడలు నవ్వుతూ "ఎర్రబస్సు" అని కొట్టేసింది. కొత్తగా వచ్చి దిక్కులు చూసేవాళ్ళకు అంతకన్నా తగిన పేరు ఉండదని ఆ అమ్మాయి లెక్క. డ్రైవరమ్మ ఇంకోలా తీసుకుంది. తాను నడిపేది ఆకుపచ్చ బస్సని గుర్తుచేసింది. మార్చడానికి ఇక కుదరదని తెలిసి ఊరుకుంది.

ఆట నేర్పడానికి ఆటలోనే ఒక పాఠం ఉంది. నేల మీద పసుపు వలయం వెలుగుతుంది, బొమ్మను అక్కడికి పరిగెత్తించాలి. ఎడమ బొటనవేలితో ఆటపిడి మీది పుల్ల తిప్పితే బొమ్మ నడుస్తుంది, కుడి బొటనవేలితో తిప్పితే చూపు తిరుగుతుంది. పరిగెత్తేకొద్దీ బొమ్మ ఓపికను చూపే పచ్చగీత తగ్గుతుంది. పిల్లలు అర నిమిషంలో ముగించే పాఠం ఆమెకు పాతిక నిమిషాలు పట్టింది. బొమ్మ కుడికి తిరిగితే ఈమె ఒళ్ళంతా కుడికి వాలేది. చూపు తిప్పబోతే ఆకాశం కనబడేది, ఆకాశంలోంచి దింపబోతే బొమ్మ వెళ్ళి గోడను గుద్దుకునేది. కళ్ళు తిరిగి రెండుసార్లు ఆపి మంచినీళ్ళు తాగింది. మేనకోడలు మొదట నవ్వింది, తరువాత నవ్వు ఆపుకోవడానికి వంటగదిలోకి వెళ్ళింది.

చివరి వలయంలో అడుగు పెట్టగానే తెర మీద "సిద్ధం" అన్న మాట మెరిసింది. సిద్ధం అంటున్నారు కదా అని డ్రైవరమ్మ నేరుగా నిజం మనుషులతో ఆటకు వెళ్ళిపోయింది.

తొమ్మిది సున్నా. అయిదు నిమిషాల్లో తొమ్మిది గోలులు. ఆమె బంతిని ముట్టుకున్నది ఒక్కసారే, అదీ బంతే వచ్చి ఆమె వీపుకు తగిలింది. మైకు వాడనివాళ్ళ కోసం ఈ ఆటలో ఎనిమిది మాటలు తయారుగా పెట్టి ఉంటాయి, మీట నొక్కితే అవే తెర మీద పడతాయి. ఆట ముగియగానే తన జట్టులోని వాడొకడు "భలే ఆడావు" అని వేశాడు. మళ్ళీ వేశాడు. నాలుగుసార్లు వేశాడు.

డ్రైవరమ్మ ముఖం విప్పారింది. సాయంత్రం భర్త రాగానే ఈ సంగతే చెప్పింది. మొదటిరోజే ముక్కూ మొహం తెలియని వాడు మెచ్చుకున్నాడని. భర్త సంతోషించాడు. ఇద్దరి సంతోషాన్నీ ఎలా చెడగొట్టాలో తెలియక మేనకోడలు కాసేపు కంచంలోకి చూస్తూ కూర్చుంది. చివరికి చెప్పింది.

"అది మెచ్చుకోవడం కాదత్తా. వెటకారం."

డ్రైవరమ్మ ఇరవై ఆరేళ్ళలో ప్రయాణికుల నోటి నుంచి ఎన్నో విన్నది, నాలుగు వెటకారాలు ఆమెను ఏం చేస్తాయి? ఆమెను పట్టుకున్నది వేరే సంగతి. అందరూ అంత గబగబా ఎలా వెళ్ళిపోతున్నారు? బంతి వచ్చే చోటికి బంతికన్నా ముందే ఎలా చేరుతున్నారు? వాళ్ళకు కనబడుతున్నదేదో తనకు కనబడడం లేదు. అదేమిటో తెలుసుకునేదాకా ఆమె నిద్రపోయే రకం కాదు.

ఆడిన ఆటను మళ్ళీ చూసుకునే వీలుందని మర్నాడు కనిపెట్టింది. అందులోనూ ఎవరి వెనక నుంచి కావాలంటే వాళ్ళ వెనక నుంచి చూడవచ్చు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ తొమ్మిది గోలుల ఆటను ఆరుగురి వెనక నుంచీ ఆరుసార్లు చూసింది. చూస్తూ ఒక పాత టైంటేబుల్ కాగితం వెనక రాసుకుంది. తన జట్టు వాళ్ళు ముగ్గురూ బంతి మీదికే ఎగబడుతున్నారు, బస్సు రాగానే అందరూ ఒకే తలుపు దగ్గర తోసుకున్నట్టు. అవతలివాళ్ళలో ఒకడు మాత్రం ఎప్పుడూ దూరంగా, ఖాళీగా ఉన్న చోట నిలబడుతున్నాడు. తొమ్మిదింటిలో ఏడు గోలులు వాడివే. ఆ ఖాళీ చోటు వాడికి ముందే ఎలా తెలుస్తోందా అని వాడి వెనక నుంచి చూస్తే, మూలనున్న చిన్న పటంలోని చుక్కలు వాడిని నడిపిస్తున్నట్టు తోచింది. అద్దంలో వెనక బండి ఎంత దూరంలో ఉందో తల తిప్పకుండా చూడడం ఆమెకు ఒంటికి పట్టిన విద్య. పటాన్ని చూడడం రెండు రోజుల్లో అలవాటైపోయింది.

అయినా గెలుపు లేదు. బంతి వచ్చే చోటికి చేరుతోంది, బంతి మాత్రం కాలికి దొరకడం లేదు. మళ్ళీ రికార్డింగు తీసి తన వెనక నుంచే తాను చూసుకుంది. ఎదురుగా మనిషి వచ్చిన ప్రతిసారీ ఎర్రబస్సు అరడుగు దూరంలో ఆగిపోతోంది. ఆగి, దారి ఇస్తోంది. ఆ అరడుగులోంచే బంతి వెళ్ళిపోతోంది. తాను పుల్ల మీంచి వేలు ఎత్తేస్తున్నట్టు ఆమెకే తెలియదు.

మేనకోడలిని పిలిచి చూపించింది. ఆ అమ్మాయి తన ల్యాప్‌టాప్ తెచ్చుకుని, ఎవరూ రాని సాధన మైదానంలో అత్తకు ఎదురు నిలిచింది.

"గుద్దు అత్తా."

"ఎలా గుద్దేదే?"

"నా మీదికి రా. ఇక్కడ ఎవరికీ దెబ్బ తగలదు."

పదిసార్లు వెళ్ళింది, పదిసార్లూ ఆగింది. పదకొండోసారి కళ్ళు మూసుకుని వెళ్ళింది. మేనకోడలి బొమ్మ ఎగిరి అవతల పడి, దులుపుకుని లేచింది. డ్రైవరమ్మ తెర మీది బొమ్మను కాదు, పక్కన కూర్చున్న పిల్లను చూసింది. ఆ అమ్మాయి వేలితో ఇంకోసారి అని సైగ చేసింది. ఆ సాయంత్రం ఒక ముప్ఫై సార్లు పడేసింది. చివరి పదిసార్లు కళ్ళు తెరిచే.

గుద్దడం వచ్చింది గానీ ఊరికే ఉండడం రాలేదు. నిజం ఆటలో ఎవరిని పడేసినా వెంటనే మీట నొక్కి "క్షమించండి" అని వేసేది. బంతి లాక్కోవడం, క్షమించండి. మళ్ళీ లాక్కోవడం, క్షమించండి. అవతలివాళ్ళకు అది పుండు మీద కారం చల్లినట్టుండేది. కొందరు బంతిని వదిలేసి ఎర్రబస్సు మీద పగబట్టి వెంటపడేవాళ్ళు. వాళ్ళెందుకు అలా వస్తున్నారో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆ గందరగోళంలో ఖాళీ దొరికి జట్టులో మరొకరు గోలు వేసేవాళ్ళు. అలా, ఆడడం మొదలుపెట్టిన పద్దెనిమిదో రోజున మొదటిసారి గెలిచింది. ఆరోజు వచ్చిన భర్త కొట్టు తాళాలగుత్తి గోడకు తగిలించకముందే ఆ వార్త విన్నాడు. ఎవరి మీద గెలిచావని అడిగాడు. అది తనకూ తెలియదని చెప్పింది.

పిండిబొమ్మ ఆమెకు తారసపడింది ఆ మర్నాడే.

ఆట ఎవరెవరినో తెచ్చి ఒక జట్టులో పడేస్తుంది. ఆ మధ్యాహ్నం తన పక్కన పడిన మనిషి పేరు పిండిబొమ్మ. ఆట మొదలైన అర నిమిషానికి బంతి ఆ మనిషి కాళ్ళ దగ్గర ఉంది, ఎదురుగా గోలు ఖాళీగా ఉంది, అయినా బంతిని పక్కనున్న ఎర్రబస్సుకు ఇచ్చింది. కంచు స్థాయిలో, అంటే అందరికన్నా కింది మెట్టు మీద, బంతి ఇచ్చే పుణ్యాత్ములు ఉండరు. ఎవరి ఆట వాళ్ళది. డ్రైవరమ్మ ఆ బంతిని గోడకేసి తన్నింది. అయినా పిండిబొమ్మ రెండోసారి కూడా ఇచ్చింది. ఆట ముగిశాక తెర మీద "కలిసి ఆడదామా" అన్న గుర్తు కనబడింది. డ్రైవరమ్మ సరే అని నొక్కింది.

ఇద్దరి కాళ్ళూ కలిశాయి. కానీ ఒక తిరకాసు ఉంది. బాగా ఆడుతున్న పిండిబొమ్మ ఉన్నట్టుండి మైదానం మూలన బిగుసుకుపోయి నిలబడేది. మనిషి పోయినట్టు. నలభై సెకన్లు. తరువాత ఏమీ జరగనట్టు పరిగెత్తుకుంటూ వచ్చేది. ఆ నలభై సెకన్లలో గోలులు పడేవి, మూడో మనిషికి చిర్రెత్తుకొచ్చి ఆటలోంచే వెళ్ళిపోయేవాడు.

ఇంట్లో ఇది పెద్ద చర్చ అయింది. బాత్‌రూమ్ ఇబ్బంది అయి ఉంటుందని, ఆ వయసు మగవాళ్ళకు మామూలేనని భర్త అన్నాడు. ఏ వయసో మీకెలా తెలుసని డ్రైవరమ్మ అడిగింది. ఇంటర్నెట్ పోతూ వస్తూ ఉంటుందని మేనకోడలు అన్నది. అలా పోతే ఆటే బయటికి నెట్టేస్తుంది కదా అన్నది డ్రైవరమ్మ. ఆ మాటకు మేనకోడలు అత్త వైపు కొత్తగా చూసింది.

మరుసటి రోజు ఆమె గోడ గడియారాన్ని దింపించి టీవీ పక్కన పెట్టించుకుంది. పిండిబొమ్మ ఆగిన ప్రతిసారీ టైంటేబుల్ కాగితం మీద రాసింది. మూడూ ఏడు. మూడూ పద్దెనిమిది. మూడూ ఇరవై తొమ్మిది. మూడూ నలభై. అంకెలను ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి చూసింది. ప్రతి పదకొండు నిమిషాలకూ ఒకసారి. ఆటకూ ఆటకూ మధ్య ఖాళీలో పడినప్పుడు ఎవరూ గమనించడం లేదు, ఆట మధ్యలో పడితేనే బయటపడుతోంది. ఇంత కచ్చితంగా డిపోలో ఏ బస్సూ నడవదు. బాత్‌రూమూ కాదు, ఇంటర్నెట్టూ కాదు. ఇంతకీ ఏమిటి?

పిండిబొమ్మ అంటే ఒక మనిషేనా, లేక ఆటవాళ్ళు పెట్టిన యంత్రమా అన్న అనుమానం కూడా వచ్చింది. యంత్రమైతే బంతి ఎందుకిస్తుంది? ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఆడుతున్నారేమో, ఏ మందుకో వేళవుతుందేమో అని కూడా అనుకుంది. ఆ ఆలోచన వచ్చాక అడగాలంటే నోరు రాలేదు. తయారుగా ఉన్న ఎనిమిది మాటలతో అడగడానికి కుదరదు కూడా. "నాకు ఇవ్వు", "వెనక్కి రా", "క్షమించండి" వీటితో ఏమడుగుతాం? మైకు పెట్టుకుంటే మాట్లాడవచ్చని మేనకోడలు చెప్పి, తన చెవులకు పెట్టుకునే దాన్ని తెచ్చి ఆమె తలకు తగిలించింది. రెండు రోజులు తగిలించుకుని ఊరికే కూర్చుంది డ్రైవరమ్మ. తొంభైమంది ఎక్కిన బస్సులో వెనక తలుపు దాకా వినబడేలా కేకేసే మనిషికి, ఒక్కరితో మాట్లాడడానికి మొహమాటం అడ్డొచ్చింది.

మూడోరోజు మూడూ పద్దెనిమిది దాటి పిండిబొమ్మ తిరిగి రాగానే, మీట నొక్కి ఒక్క గుక్కలో అడిగేసింది.

"ఏమీ అనుకోకండి. ప్రతి పదకొండు నిమిషాలకీ మీరెక్కడికి వెళ్తున్నారు?"

పిండిబొమ్మ ఈసారి మైదానం నడిమధ్యన ఆగిపోయింది. అవతలివాళ్ళు గోలు వేసుకున్నారు. అప్పుడు చెవుల్లో ఒక ఆడగొంతు, కొంచెం బొంగురుగా, వినబడింది.

"మీరు పెద్దవాళ్ళా?"

"యాభై మూడు."

"నేను మిమ్మల్ని ఎనిమిదేళ్ళ పిల్లాడనుకున్నాను. పడేసిన ప్రతిసారీ క్షమించండి అంటారు కదా. ఎవరో తల్లి బాగా పెంచింది అనుకున్నాను. అందుకే బంతి ఇచ్చేదాన్ని."

డ్రైవరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాను ఏ వెటకారమూ లేని మనిషినని, క్షమాపణలు నిజమైనవేనని చెప్పుకుంది. అవతలి గొంతు నవ్వింది. నవ్వి, అసలు ప్రశ్నకు జవాబు చెప్పింది.

"బిస్కెట్లమ్మా. నేను బిస్కెట్లు చేస్తాను. ఒక ట్రే కాలడానికి పదకొండు నిమిషాలు."

ఆమె వంటగదిలోనే పెద్ద ఓవెన్ పెట్టుకుని, ఒక ఆసుపత్రి క్యాంటీనుకూ రెండు ఆఫీసులకూ రోజూ బిస్కెట్లు చేసి పంపుతుంది. ఏభై ఎనిమిదేళ్ళు. ఒక్కతే ఉంటుంది. పొద్దున పిండి కలిపి, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా ట్రే తరువాత ట్రే ఓవెన్‌లో పెట్టడం, తీయడం. గంట మోగగానే లేచి, కాలిన ట్రే దించి, పచ్చి ట్రే ఎక్కించి వచ్చేసరికి నలభై సెకన్లు. ఆ పదకొండు నిమిషాల ఖాళీ పన్నెండేళ్ళుగా తనను చంపుకు తిన్నదని చెప్పింది. కునుకు తీద్దామంటే మాడుతుంది. ఎవరికైనా ఫోన్ చేస్తే మాట మధ్యలో పెట్టేయాలి. కుట్టు మొదలుపెడితే సూది ఎక్కడ వదిలిందీ మరిచిపోతుంది. ఎదురింట్లో ఎవరో ఈ ఆట ఆడుతుంటే చూసి, అయిదు నిమిషాల్లో అయిపోయే పని ఇదొక్కటే కదా అని మొదలుపెట్టింది.

"ఒక్కోసారి ఆటకి మనుషులు దొరకడం ఆలస్యమవుతుంది. అప్పుడే మధ్యలో గంట మోగుతుంది. మీకు చాలా గోలులు పడ్డాయి నా వల్ల."

"అది సరే. మూలకెందుకు వెళ్ళి నిలబడతారు?"

"ఎవరికీ అడ్డం రాకుండా."

ఆ రాత్రి భోజనాల దగ్గర డ్రైవరమ్మ ఈ కథంతా చెప్పి, భర్త బాత్‌రూమ్ సిద్ధాంతాన్ని ఒకసారి గుర్తుచేసింది. ఆయన ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగాడు. కానీ ఆమె మనసంతా చివరి మాట మీదే ఉంది. అడ్డం రాకుండా. తానూ అదే చేసింది ఇన్నాళ్ళూ. అడ్డం రావాల్సిన చోట కూడా.

మర్నాడు మైకు పెట్టుకోగానే, మూలకు వెళ్ళవద్దని చెప్పింది. ఎలాగూ కదలకుండా నిలబడాలి. ఆ నిలబడేదేదో మన గోలు ముందు, ఎడమ స్తంభానికి ఒక అడుగు కుడిగా నిలబడితే? గోలేమీ పెద్దది కాదు. మనిషి నిలబడితే సగం మూసుకుపోతుంది. మిగిలిన సగం తాను చూసుకుంటుంది. పిండిబొమ్మ సందేహించింది. తన ఒంటికి తగిలిన బంతి ఎటు పోతుందో ఎవరికి తెలుసని అడిగింది. చూద్దామని డ్రైవరమ్మ అన్నది. మేనకోడలు డ్యూటీ నుంచి రాకముందు, ఇద్దరూ సాధన మైదానంలో చేరి, ఒకరు బొమ్మలా నిలబడగా ఒకరు బంతి తన్ని చూశారు. ఎదురుగా తంతే నేరుగా తిరిగి వస్తుంది. ఓరగా తంతే కుడి గోడ వైపు పోతుంది. ప్రతి తన్నూ కాగితం మీద గీతగా పడింది. ఇద్దరికీ ఆ మధ్యాహ్నం ఎంత తొందరగా గడిచిందో తెలియలేదు. పిండిబొమ్మ ఒక ట్రే కొంచెం మాడ్చింది కూడా.

నాలుగు రోజులకు అది పనికొచ్చే ఆట వచ్చింది. అవతల వెండి స్థాయి వాళ్ళు ముగ్గురు, ఒక మెట్టు పైన ఉన్నవాళ్ళు. ఎలా జరిగిందో గానీ మూడూ మూడు దగ్గర ఆట సమంగా ఉంది. మేనకోడలు అప్పుడే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా సోఫా వెనక నిలబడింది. ఇంకా డెబ్బై సెకన్లు ఉన్నాయి. డ్రైవరమ్మ కళ్ళు గడియారం మీద పడ్డాయి.

"అక్కా, మీ ట్రేకి పది సెకన్లు. నిలబడండి."

పిండిబొమ్మ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి, స్తంభానికి అడుగు కుడిగా నిలబడింది. గంట మోగిన చప్పుడు డ్రైవరమ్మ చెవుల్లో కూడా వినబడింది. పిండిబొమ్మ కొయ్యబారింది. అది చూసిన మూడో మనిషి, ఎవరో పరాయివాడు, విసుక్కుని ఆటలోంచి వెళ్ళిపోయాడు. మైదానంలో కదిలే మనుషులు అవతల ముగ్గురు, ఇవతల ఒక్క ఎర్రబస్సు.

వాళ్ళు నేరుగా వచ్చారు. మొదటి తన్ను పిండిబొమ్మ ఛాతీకి తగిలి వెనక్కి పోయింది. రెండోది ఆమె కాళ్ళకు. కదలని మనిషిని దాటించలేకపోవడం వాళ్ళకు తలకొట్టేసినట్టయింది కాబోలు, ఖాళీగా ఉన్న కుడి సగాన్ని మరిచిపోయి ముగ్గురూ ఆమె మీదికే తన్నడం మొదలుపెట్టారు. డ్రైవరమ్మకు ముందుకు దూకాలని ఉంది. దూకలేదు. చిన్న పటంలో మూడు చుక్కలూ ఒకే చోట గుమిగూడాయి. నాలుగో తన్ను ఓరగా వచ్చింది.

ఓరగా వస్తే కుడి గోడ. ఎర్రబస్సు బంతికన్నా ముందే గోడ దగ్గరికి వెళ్ళింది. ఒకడు అడ్డం వచ్చాడు. ఆమె వేలు ఎత్తలేదు. వాడు ఎగిరి అవతల పడ్డాడు. బంతి గోడకు కొట్టుకుని ఆమె కాళ్ళ ముందుకే వచ్చింది, మైదానమంతా ఎదురుగా ఖాళీ. పరిగెత్తింది. పచ్చగీత అయిపోయేదాకా పరిగెత్తి, ఇక అడుగు పడనప్పుడు తన్నింది.

నాలుగూ మూడు.

"వచ్చాను వచ్చాను, ఏమైంది?" అని చెవుల్లో బొంగురు గొంతు అడుగుతోంది. వెనక నుంచి మేనకోడలు డ్రైవరమ్మ రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తోంది. మిగిలిన కొద్ది సెకన్లూ ఇద్దరూ గోలు ముందే నిలబడి గడిపారు. ఆట ముగిశాక, తాను పడేసిన వాడికి "క్షమించండి" అని వేయడం మాత్రం ఆమె మానలేదు. వాడు తిరిగి "భలే ఆడావు" అని వేశాడు. ఒక్కసారే వేశాడు. ఈసారి నిజమేనా అని మేనకోడలి వైపు చూసింది. నిజమేనని ఆ అమ్మాయి తలూపింది.

రెండు నెలలు నిండాక డాక్టరు మోకాలు వంచి చూసి సరే అన్నది. డిపోలో ఖాళీ బస్సు ఇచ్చి ఒక చుట్టు తిప్పించారు. కాలు క్లచ్‌ను బాగానే తొక్కింది. డ్రైవరమ్మ మళ్ళీ ఆకుపచ్చ బస్సు ఎక్కింది. ఇప్పుడు ఆడడానికి వారానికి రెండు సెలవులే దొరుకుతాయి. ఆ రెండు రోజులూ పిండిబొమ్మ మొదటి ట్రే ఓవెన్‌లో పెట్టే వేళకు ఈమె మైకు తగిలించుకుని సిద్ధంగా ఉంటుంది. వెండి స్థాయికి ఒకసారి ఎక్కారు, వారం తిరక్కుండానే మళ్ళీ కంచుకు జారారు. ఒకరి ముఖం ఒకరు ఇంతవరకు చూసుకోలేదు. చూసుకోవాలన్న తొందర కూడా ఇద్దరికీ ఉన్నట్టు లేదు, మాట్లాడుకోవడానికి ఆట సంగతులే సరిపోతున్నాయి.

ఈమధ్య ఇద్దరికీ కొత్త పిచ్చి పట్టింది. పై స్థాయి వాళ్ళు బంతిని గోడ మీదుగా పైకి లేపి, తామూ ఎగిరి, గాల్లోనే తలతో గోలులోకి కొడతారు. అదెలా చేస్తారో అంతుపట్టడం లేదు. ఎగిరాక మీట నొక్కాలని డ్రైవరమ్మ అంటుంది. కాదు, ఎగరబోయే ముందే నొక్కాలని పిండిబొమ్మ అంటుంది. పదిసార్లలో డ్రైవరమ్మకు మూడుసార్లు తగులుతోంది, పిండిబొమ్మకు ఒకసారి. మిగిలినసార్లు ఎందుకు తగలడం లేదో కాగితం మీద రాసుకుంటున్నారు.

మేనకోడలికి ఆ కిటుకు తెలుసు. మొన్న సెలవురోజు పక్కన కూర్చుని, వీళ్ళ తంటాలు చూడలేక, "అత్తా, అది అలా కాదు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పకు," అన్నది డ్రైవరమ్మ. అదే క్షణంలో చెవుల్లో పిండిబొమ్మ కూడా, "ఆ అమ్మాయిని చెప్పొద్దనండి," అన్నది. మేనకోడలు టీ కప్పు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఎర్రబస్సు మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి, బంతిని పైకి తన్ని, ఈసారి సగం ఎగిరాక నొక్కి చూసింది.